సైకిలుకు వేరే దారి: తొంభై ఏళ్ల వాదం

1934 డిసెంబరులో లండన్ పశ్చిమ శివార్లలో, వెస్టర్న్ అవెన్యూ పక్కన రెండున్నర మైళ్ల సైకిలు బాటను బ్రిటన్ రవాణా మంత్రి లెస్లీ హోర్ బెలీషా ప్రారంభించాడు. మోటారు బండ్ల భయం లేకుండా తొక్కుకోమని దారి వేసిస్తే సైకిలువాళ్లు సంతోషించాలి. కానీ వాళ్ల పెద్ద సంఘం, 1878లో పుట్టిన సీటీసీ, ఆ బాటను కరాఖండిగా వద్దంది. ఇవాళ పక్కన దారి చూపినవాళ్లు రేపు అసలు రోడ్డే ఎక్కనివ్వరన్నది దాని అనుమానం. అప్పటికి రోడ్డు మీద సైకిళ్లదే పెద్ద గుంపు. కొత్తగా వచ్చినవి కార్లు. కొత్తవాడి కోసం పాతవాడు పక్కకు తప్పుకోవడమేమిటన్న ఉక్రోషమూ ఆ అనుమానంలో ఉంది.

ఆ తగువు ఇప్పటికీ తెగలేదు. కాకపోతే నగరాల నుంచి ఊళ్ల బయటికి పాకింది. పొలాల మధ్య, కొండ వారల్లో, సముద్రపు ఒడ్డున మోటారు బండి ఎదురుపడని దారులు కావాలని కోరేవాళ్లు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నారు. అవి ఎంత పొడవుండాలి, ఎవరి నేల మీద వెయ్యాలి, పైన తారు పొయ్యాలా మట్టి పరచాలా, నడిచేవాళ్లకు వాటిలో చోటెంత అన్నవి వేర్వేరు ప్రశ్నలు. వాటన్నిటినీ ఒకే వాదంలో కలిపేయడం వల్లే చర్చ చిక్కుపడింది. ఈ దారుల విషయంలో చాలా ప్రయోగాలు చేసి, చాలా తప్పులు చేసి, వాటిని లెక్కగట్టి బయటపెట్టుకున్న దేశం బ్రిటన్. అందుకని ముందు అక్కడి సంగతి చూసి, తరువాత మిగతా దేశాల వైపు వెళ్దాం.

పట్టాలు తీసేసిన చోట

1963లో బ్రిటిష్ రైల్వే బోర్డు అధిపతి రిచర్డ్ బీచింగ్ ఒక నివేదిక ఇచ్చాడు. నష్టాల్లో నడుస్తున్న సుమారు 5,000 మైళ్ల మార్గాన్ని, రెండు వేలకు పైగా స్టేషన్లను మూసేయాలన్నది దాని సారాంశం. ఆ దెబ్బకు పల్లె రైళ్లు వరుసగా ఆగిపోయాయి. పట్టాలు పీకేశారు. మిగిలింది సన్నటి, పొడవాటి కట్ట. రైలు నిట్టనిలువుగా ఎక్కలేదు కాబట్టి ఆ కట్ట ఎక్కడా పెద్దగా ఎత్తెక్కదు. వాగుల మీద వంతెనలు, కొండల్లో సొరంగాలు అప్పటికే ఉన్నాయి. పిల్లలకూ వృద్ధులకూ అంతకంటే అనువైన సైకిలు దారిని ఏ ఇంజనీరూ కొత్తగా గీయలేడు.

1977లో బ్రిస్టల్ నగరంలో కొందరు కలిసి సైకిల్‌బ్యాగ్ అనే బృందం పెట్టారు. జాన్ గ్రిమ్‌షా అనే ఇంజనీరు దానికి ముందు నిలిచాడు. బ్రిస్టల్ నుంచి బాత్ దాకా మూతపడిన రైలు కట్టను వాలంటీర్లే పారలు పట్టి చదును చేశారు. 1979లో మొదలైన పని 1986కు పూర్తయి 13 మైళ్ల దారి తేలింది. ఆ బృందమే తరువాత సస్ట్రాన్స్ అనే సేవాసంస్థగా మారింది. 1995లో లాటరీ నిధుల నుంచి 4 కోట్ల 35 లక్షల పౌండ్లు దానికి దక్కాయి. 2000 జూన్‌లో 5,000 మైళ్ల జాతీయ సైకిలు మార్గజాలం ప్రారంభమైంది.

అక్కడే ఒక మెలిక ఉంది. మైళ్ల లెక్క చూపాలన్న తొందరలో, కట్ట దొరకని చోట మామూలు రోడ్డుకే నీలం బోర్డు తగిలించి మార్గంలో కలిపేశారు. 2018లో సస్ట్రాన్సే తన మార్గాలన్నిటినీ తనిఖీ చేయించింది. అప్పటికి మొత్తం 16,575 మైళ్లకు చేరిన జాలంలో మోటారు బండ్లు రానిది మూడో వంతే. నాణ్యత ప్రకారం చూస్తే 42 శాతం బాగాలేదు, మరో 4 శాతం మరీ అధ్వానం. 2020లో దాదాపు పావు వంతును జాబితాలోంచి తీసేయడమో, వేరే తరగతిలో పెట్టడమో చేశారు. తన గొప్పల పటాన్ని తానే చించుకునే సంస్థలు అరుదు. ఆ మేరకు మెచ్చుకోవాలి. 2040 నాటికి మొత్తం జాలాన్ని బండ్లు లేనిదిగానో, బండ్లు నామమాత్రంగా తిరిగే దారిగానో మార్చడం ఇప్పుడు దాని లక్ష్యం.

వేరు చేయమనేవాళ్లు, వద్దనేవాళ్లు

వేరు చేయాలనేవాళ్లు ముందుగా చూపించేది నెదర్లాండ్స్‌ను. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధికెక్కి ‘పిల్లల హత్యలు ఆపండి’ అన్న పేరుతో ఉద్యమం నడిపారు. ఆ వెంటనే వచ్చిన చమురు సంక్షోభం కూడా ప్రభుత్వాన్ని అటే నెట్టింది. ఇప్పుడు అక్కడ విడి సైకిలు బాటలు 35,000 కిలోమీటర్ల దాకా ఉంటాయి. ఉత్తర సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల మధ్య కాంక్రీటు, తారు పరిచిన బాటల మీద బడిపిల్లలూ తాతలూ రేసు సైకిళ్లవాళ్లూ ఒకేలా పోతుంటారు. దారి వేరుగా ఉంటేనే భయస్తులు సైకిలెక్కుతారన్నది ఈ పక్షం మాట.

రెండో పక్షానికి పెద్ద గొంతు అమెరికాలో జాన్ ఫారెస్టర్‌ది. 1976లో వచ్చిన ‘ఎఫెక్టివ్ సైక్లింగ్’లో ఆయన వాదన ఇది: సైకిలు కూడా బండే, దాన్ని మిగతా బండ్లతో పాటు రోడ్డు మీదే నడపాలి. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది కూడళ్లలో. పక్క బాటలు ఆ కూడళ్లను ఇంకా గజిబిజి చేస్తాయి. బ్రిటన్‌లో జాన్ ఫ్రాంక్లిన్ 1988లో వెలువరించిన ‘సైకిల్‌క్రాఫ్ట్’ కూడా రోడ్డు మీదే నేర్పుగా నడపడం గురించి చెబుతుంది.

నగరంలో ఈ వాదనకు కొంత బలముంది. పల్లెల్లో నిలవదు. బ్రిటన్ రోడ్డు మరణాల్లో సగానికి పైగా పల్లె రోడ్ల మీదే జరుగుతున్నాయి. అక్కడ సన్నటి, గుడ్డి మలుపుల ఒంటివరస దారికి కూడా, వేరే బోర్డు లేకపోతే, గంటకు 60 మైళ్ల వేగం చట్టబద్ధమే. ఆ వేగంతో వెనకనుంచి వచ్చే కారుకు సైకిలువాడి నేర్పుతో పనిలేదు. ఫారెస్టర్ పాఠం నడిపేవాడి ధైర్యం మీద ఆధారపడింది. పన్నెండేళ్ల పిల్లకు ఆ ధైర్యం ఉండాలని కోరడం న్యాయం కాదు.

అలాగని మొదటి పక్షం మాటంతా ఒప్పుకోవలసిన పని లేదు. ఊళ్ల మధ్య దూరమున్న చోట ప్రతి దారికీ జంట దారి వెయ్యడం ఏ ఖజానా వల్లా కాదు. పైగా ఒంటరి బాట చీకటిపడ్డాక ఆడవాళ్లకు భయపెట్టే బాట అవుతుంది. డచ్చి ప్రణాళికల్లో నలుగురి కంటా పడే దారి ఉండాలన్న నియమం అందుకే చేరింది. చాలామంది ఒప్పుకోని ఇంకొక చిక్కు కూడా ఉంది. కార్న్‌వాల్‌లో పాడ్‌స్టో నుంచి వేడ్‌బ్రిడ్జ్ మీదుగా పోయే కామెల్ ట్రెయిల్‌కు ఏటా లక్షల మంది వస్తారు. వాళ్లలో చాలామంది కారు వెనక సైకిళ్లు కట్టుకుని వస్తారు, లేదా కారులో వచ్చి అద్దె సైకిలు తీసుకుంటారు. బండ్లు లేని దారి చేరుకోవడానికి బండి కావలసిరావడం ఈ పక్షానికి ఇంకా మింగుడుపడని విషయం.

రోడ్డునే సాధువు చేయడం

మూడో ఆలోచన ఈ రెంటికీ మధ్యది. కొత్త దారి వెయ్యకుండా, ఉన్న చిన్న రోడ్ల మీద వేగం తగ్గించడం. జెర్సీ దీవిలో గ్రీన్ లేన్లు అనే పల్లె దారుల మీద గంటకు 15 మైళ్లకు మించి ఏ బండీ పోకూడదు. ఇంగ్లండ్‌లో 2000 నాటి రవాణా చట్టం ‘క్వయట్ లేన్’ హోదా తెచ్చింది గానీ, దానికి పళ్లు లేవు. బోర్డు తగిలిస్తారు, వేగం మారదు. ఐర్లండ్ 2025 ఫిబ్రవరిలో పల్లె స్థానిక రోడ్ల వేగ పరిమితిని 80 నుంచి 60 కిలోమీటర్లకు దించింది. అందులో సైకిలు బాట వేసిన ఆర్భాటమేమీ లేదు గానీ, ఒక్క ఉత్తర్వుతో వేల మైళ్లకు వర్తించే మార్పు అది.

జపాన్‌లోని షిమానామి కైదో ఈ కోవలోకే వస్తుంది. ఒనోమిచి నుంచి ఇమబారి దాకా దీవుల మీదుగా సుమారు 70 కిలోమీటర్లు. సముద్రం మీది పెద్ద వంతెనల మీద సైకిలుకు విడి దారి ఉంది. వంతెన ఎక్కే దారి కూడా మెల్లగా మెలికలు తిరుగుతూ వాలుగా పోతుంది. దీవుల్లోకి దిగాక మాత్రం మామూలు రోడ్డే. అంచున ఒక నీలం గీత, అంతే. ప్రమాదకరమైన చోట వేరు చేసి, మిగతా చోట గుర్తు పెట్టి వదిలేశారు. ప్రపంచం నలుమూలల నుంచీ సైకిలువాళ్లు అక్కడికి వస్తున్నారు.

బ్రిటన్‌లోనే 1994లో మొదలైన సీటూసీ దారి కూడా ఇదే చెబుతుంది. పడమటి తీరంలోని వైట్‌హేవెన్ నుంచి తూర్పున సండర్లండ్ లేదా టైన్‌మౌత్ దాకా సుమారు 140 మైళ్లు. వెనక చక్రాన్ని ఐరిష్ సముద్రంలో తడిపి బయలుదేరి, ముందు చక్రాన్ని ఉత్తర సముద్రంలో తడిపి ముగించడం అక్కడి ఆనవాయితీ. మధ్యలో రైలు కట్టలున్నాయి, పల్లె దారులున్నాయి, ఊపిరాడనివ్వని ఎత్తులున్నాయి. పూర్తిగా బండ్లు లేని దారి కాకపోయినా ఆ దేశంలో బాగా పేరున్న సుదూర మార్గాల్లో అదొకటి.

కొన్ని గంటలు మాత్రమే దారిని ఖాళీ చేయించే పద్ధతినీ ఇక్కడే చెప్పుకోవాలి. కొలంబియాలోని బొగొటా 1970ల నుంచి ఆదివారాల్లో ప్రధాన రోడ్లను సైకిళ్లకు, నడిచేవాళ్లకు వదులుతోంది. విశాఖ బీచ్ రోడ్డులో కొంత భాగాన్ని తెల్లవారుజామున బండ్లకు మూసేయడం మనకు తెలిసిన ఉదాహరణ. ఖర్చు దాదాపు ఉండదు. కానీ పల్లెల్లో ఇది పనికిరాదు. పాలవాడినీ ట్రాక్టరునూ ఎవరు ఆపుతారు?

నేల ఎవరిది?

వేరు చేయాలా కలిసి తొక్కాలా అన్న వాదనలో పడి పక్కకు పోయిన అసలు ప్రశ్న ఇది. దారి ఉంటుందా తెగిపోతుందా అన్నది పక్షాల తాత్వికత వల్ల కాక భూమి కాగితాల వల్ల తేలింది.

బ్రిటన్‌లో రైళ్లు ఆగాక కట్టల నేలను ముక్కలు ముక్కలుగా అమ్మేశారు. ఇక్కడొక రైతు, అక్కడొక ఇల్లు, ఇంకోచోట సూపర్‌మార్కెట్ పార్కింగు. కొన్ని వంతెనలు పడగొట్టేశారు. ఆ ముక్కల్ని మళ్లీ కుట్టడానికి సస్ట్రాన్స్‌కు దశాబ్దాలు పట్టింది, ఇంకా పడుతోంది. దారులు హఠాత్తుగా ఆగి, పెద్ద రోడ్డు మీదికి దింపి, అర మైలు తరువాత మళ్లీ మొదలవడానికి మూలం ఇదే.

అమెరికా వేరే పని చేసింది. విస్కాన్సిన్‌లో ఎల్‌రాయ్, స్పార్టాల మధ్య మూడు సొరంగాలున్న 32 మైళ్ల కట్ట 1960ల్లోనే సైకిలు దారి అయింది. 1983లో జాతీయ దారుల చట్టాన్ని సవరించి, ఆగిపోయిన రైలు మార్గాన్ని భవిష్యత్తు రైలు కోసం ‘నిలవ’ ఉంచినట్టుగా భావిస్తూ ఈలోగా దారిగా వాడుకోవచ్చన్నారు. నేల తిరిగి తమకే రావాలన్న పక్క భూముల యజమానులు కోర్టుకెళ్లారు. 1990లో ప్రీసో కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది, యజమానులు పరిహారం మాత్రం కోరవచ్చంది. కట్ట ముక్కలు కాకుండా నిలిచిన చోట్ల దాన్ని కాపాడింది ఈ ఏర్పాటే.

ఐర్లండ్‌లో రెండు పద్ధతులూ పక్కపక్కనే కనిపిస్తాయి. వెస్ట్‌పోర్ట్ నుంచి ఆకిల్ దాకా 42 కిలోమీటర్ల గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే 2011 నాటికి పూర్తయింది. అక్కడ రైలు 1937లోనే ఆగిపోయి నేల రైతుల చేతికి వెళ్లింది. రైతులు ఇష్టపూర్వకంగా అనుమతిస్తేనే దారి పడింది. అనుమతి వెనక్కు తీసుకుంటే చట్టం అడ్డుపడదు. 2017 మార్చిలో తెరిచిన 46 కిలోమీటర్ల వాటర్‌ఫర్డ్ గ్రీన్‌వేకు ఆ బెంగ లేదు. ఆ కట్ట ప్రభుత్వ రవాణా సంస్థ పేరిటే ఉండిపోయింది కాబట్టి పని సాఫీగా సాగింది. దక్షిణ కెర్రీలో మాత్రం బలవంతపు భూసేకరణ అవసరమైంది. వ్యవహారం కోర్టులకెక్కి ఏళ్లు సాగింది. అక్కడి రైతుల కోపాన్ని స్వార్థమని కొట్టిపారేయలేం. పొలాన్ని నిలువునా చీల్చే దారి పశువులను తోలే రైతుకు రోజువారీ తంటా.

స్కాట్లండ్ ఇంకొక అడుగు ముందుకేసింది. 2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం, ఇతరులకు ఇబ్బంది కలగనివ్వకుండా ఉంటే, చాలా నేలల మీద నడవడానికీ సైకిలు తొక్కడానికీ అందరికీ హక్కుంది. ఇంగ్లండ్‌లో అలాంటిది లేదు. 1968 చట్టం గుర్రపు బాటల మీద సైకిలును అనుమతించింది, నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారివ్వాలన్న షరతుతో. నడక బాటల మీద ఆ హక్కు కూడా లేదు. ఇంగ్లండ్ తీరం చుట్టూ సుమారు 2,700 మైళ్ల మేర సాగే మూడో చార్లెస్ రాజు తీర బాట కాళ్లకే గానీ చక్రాలకు కాదు.

తారు, మట్టి, గేటు

యార్క్‌షైర్ తీరంలో స్కార్‌బరో నుంచి విట్బీ దాకా పోయే సిండర్ ట్రాక్‌ను కాస్త దగ్గరగా చూస్తే మిగతా తగువులన్నీ కనిపిస్తాయి. 1885లో తెరిచి 1965లో మూసిన రైలు మార్గం ఇది, సుమారు 22 మైళ్లు. పట్టాల కింద కంకరకు బదులు బొగ్గు కిట్టం పరిచారు. పేరు అలా వచ్చింది. రావెన్‌స్కార్ దగ్గర సముద్రానికి 190 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. రైలు కట్ట కాబట్టి ఆ ఎక్కుడు మెల్లగానే ఉంటుంది, కానీ చాలాసేపు ఉంటుంది. విట్బీ చేరుకునే ముందు ఎస్క్ నది మీద పదమూడు కమానుల ఇటుక వంతెన. వానలు పడ్డప్పుడు దారి చాలాచోట్ల బురద, రాళ్లు, వేళ్లు. వెడల్పు టైర్ల సైకిలుకు ఫరవాలేదు. 25 మిల్లీమీటర్ల టైరున్న రోడ్డు సైకిలుకు నరకం. చక్రాల కుర్చీకి చాలాచోట్ల దారే లేదు.

2017లో బాగుచేసే ప్రణాళిక ముసాయిదా బయటికి రాగానే ఊళ్లవాళ్లు పెద్ద ఎత్తున ఎదురు తిరిగారు. తారు పోస్తే పల్లె బాట కాస్తా రోడ్డవుతుందని, చెట్లు పోతాయని, సైకిళ్లు దూసుకొస్తాయని వాళ్ల గోడు. గుర్రాల యజమానులదీ అదే మాట. అటుపక్క, తారు లేకపోతే బలంగా ఉన్న మగవాళ్లకే ఆ దారి అని వికలాంగుల పక్షాన నిలిచినవాళ్లంటారు. రెండూ నిజమే. ఇందులో ఈ వ్యాసకర్త మొగ్గు తారు వైపే. అందం చెడుతుందన్న బాధ నడవగలిగినవాళ్లది. అసలు రాలేకపోతున్నవాళ్ల బాధ దానికంటే పెద్దది.

గేట్ల సంగతి మరీ విచిత్రం. మోటారు సైకిళ్లు చొరబడకుండా చాలా దారుల మొదట్లో ఇనప చట్రాలు పాతారు. పైకి పోయేకొద్దీ రెండు కడ్డీలు దగ్గరవుతాయి. హ్యాండిలు వంచి, సైకిలును పక్కకు ఒరిపి, ఒక పెడల్‌ను పైకెత్తి దూర్చాలి. ఇద్దరు తొక్కే సైకిలు, పిల్లల తొట్టి తగిలించిన సైకిలు, మూడు చక్రాల సైకిలు అక్కడితో ఆగిపోతాయి. మోటారు సైకిలు కుర్రాడు మాత్రం కంచెలో సందు వెతుక్కుని లోపలికొస్తాడు. 2020లో వచ్చిన ప్రభుత్వ మార్గదర్శకాలు ఇలాంటి అడ్డాలను వద్దన్నాయి. పాతినవి తీయడం నత్తనడకన సాగుతోంది.

నడిచేవాళ్లతో తగువు దీనికి కొసమెరుపు. బ్రిస్టల్–బాత్ దారి పొద్దున ఆఫీసుకు పరుగెత్తే సైకిళ్లతో, కుక్కలను తిప్పేవాళ్లతో, బడిపిల్లలతో కిటకిటలాడుతుంది. కార్ల నుంచి తప్పించుకోవడానికి వేసిన దారిలో ఇప్పుడు ముసలివాళ్లు సైకిళ్లకు భయపడుతున్నారు. వెడల్పు చేయడమే నిజమైన మందు. నేల మళ్లీ అడ్డం.

మన వైపు

2016 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో ఇటావా నుంచి ఆగ్రా దాకా 207 కిలోమీటర్ల సైకిలు రహదారి తెరిచారు. పల్లెల గుండా పోయే అంత పొడవైన దారి దేశంలో అదే మొదటిది. తరువాతి ఏళ్లలో పగుళ్లు, ఆక్రమణల గురించి పత్రికలు రాశాయి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు 2023 అక్టోబరు 1న మొదలైంది. నాలుగున్నర మీటర్ల వెడల్పు, నెత్తిన 16 మెగావాట్ల సౌర పలకలు. ఎండా వానా తగలకుండా తొక్కడానికి బాగుంది, కరెంటూ పుడుతుంది. కానీ అది ఊరికీ ఊరికీ మధ్య దారి కాదు. ఎక్స్‌ప్రెస్‌వే పక్కన వ్యాయామశాల. కామెల్ ట్రెయిల్‌లాగే అక్కడికీ చాలామంది కార్లలోనే వస్తారు.

నిజానికి మనకు రైలు కట్టల కంటే మంచి ఆస్తి ఉంది. కాటన్ కాలం నుంచి గోదావరి డెల్టాలో కాలువ గట్లు ఉన్నాయి. మొత్తంగా చదునే, లాకుల దగ్గర మాత్రం చిన్న ఎత్తు. గట్టు ప్రభుత్వానిదే. పల్లెల్లో పుంతలు, డొంకలు రెవెన్యూ రికార్డుల్లో ఇప్పటికీ ఉన్నాయి, చాలా చోట్ల ఆక్రమణలో ఉన్నా. ఐర్లండ్‌లో లాంటి భూసేకరణ గొడవ ఇక్కడ చాలావరకు ఉండదు. ఉన్నదల్లా వేరే గొడవ: గట్టు నీటిపారుదల శాఖది, పుంత రెవెన్యూది, రోడ్డు పంచాయతీదో ఆర్ అండ్ బీదో. మోటారు సైకిళ్లూ ఆటోలూ ఇప్పటికే గట్టెక్కాయి. వాటిని దింపాలంటే ఊరికి వేరే మంచి రోడ్డు చూపించాలి. అది లేకుండా గట్టుకు గేటు పెడితే పల్లెవాడికి అన్యాయం.

తేలనివి

మూడు విషయాల్లో ఏ దేశమూ తృప్తికరమైన జవాబు చెప్పలేదు. మొదటిది కోత. తీరం వెంట వేసిన దారిని సముద్రం తినేస్తే లోపలికి జరపాలా, వదిలేయాలా, ఆ జరిపే నేలను ఇప్పుడే కొనిపెట్టాలా? రెండోది ఎలక్ట్రిక్ సైకిళ్లు. చట్టం ఒప్పుకున్న వేగం దాటి, మోటారు సైకిలుకు దగ్గరగా వచ్చిన బండ్లను ఏ గేటు గుర్తుపడుతుంది? మూడోది డబ్బు. కొత్త దారికి ఒక్కసారి పెద్ద మొత్తం దొరుకుతుంది. ఏటా ముళ్లకంప కొట్టడానికి, వానకు కొట్టుకుపోయిన మట్టి పోయడానికి దొరకదు. బ్రిటన్ తనిఖీలో బయటపడ్డ అధ్వానంలో కొంత భాగం ఈ మూడో దాని ఫలితమే.

గోదావరి గట్టు మీదనో, భీమిలి ఒడ్డునో రేపు ఇలాంటి దారి ప్రకటిస్తే ఎన్ని కిలోమీటర్లన్న మాట ముందుగా వినిపిస్తుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. ఆ నేల ఏ శాఖ పేరిట ఉందో, పదో ఏట మరమ్మతు ఖర్చు ఏ పద్దు కింద చూపించారో జీవోలో వెతకండి. లేకపోతే మీ ఎమ్మెల్యేను ఆ రెండే అడగండి.